నలభై సూదుల గంప

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఇసుకలో పిచ్చుకగూళ్ళు కట్టుకునే రోజుల్లో, తూర్పు సముద్రం ఒడ్డున మొగలిరేవు అనే పట్నం ఉండేది. రేవు నిండా ఓడలు. ఓడల మీద తెరచాపలు. ఆ తెరచాపలన్నీ కుట్టేది ఒకే ఒక్క వీధివాళ్ళు. దానికి చాపలవీధి అని పేరు. నలభై ఇళ్ళు, నలభై అరుగులు, ప్రతి అరుగు మీదా పరచిన తెల్లటి గుడ్డ. దూరం నుంచి చూస్తే కొంగలు బారులు తీరి కూర్చున్నట్టుండేది.

ఆ రేవులో ఒక ఆచారం ఉండేది. ఏటా కార్తీక పున్నమికి రాజుగారి ఓడ విదేశానికి బయలుదేరేటప్పుడు ముగ్గురు ఊరివాళ్ళను వెంట తీసుకుపోయేది. కోట నుంచి ఒకరు, అంగడివీధి నుంచి ఒకరు, చాపలవీధి నుంచి ఒకరు. రాజు ఒక్కొక్కరి చేతికీ ఒక చిన్న వరహాల సంచి, ఒక వెదురుగంప ఇచ్చి, "లోకం చూసి రండి. ఊరికి పనికొచ్చేది గంపలో పట్టినంత తెండి" అని పంపేవాడు.

దానికి తోడు ఇంకో ఆచారం. వైశాఖంలో ఓడ తిరిగొచ్చాక ఆ గంపలు తిన్నగా ఇళ్ళకు పోవు. ఒడ్డున ఒక పందిరి ఉండేది. తెచ్చిన వస్తువు మూడు వారాల పాటు ఆ పందిరి కింద, గాలికి తెరిచి ఉంచాలి. తెచ్చినవాళ్ళు పక్కన కూర్చుని దాన్ని చూసుకోవచ్చు, తుడుచుకోవచ్చు. మూత మాత్రం పెట్టకూడదు. ఎవరైనా తొందరపడితే పెద్దలు నవ్వి, "ముందు ఉప్పుగాలిని చూడనీ" అనేవారు. మూడు వారాలు గడిచాక రాజు స్వయంగా వచ్చి, నిలిచిన వస్తువుకు దండ వేసి ఊళ్ళోకి పంపేవాడు.

ఆ ఏడు చాపలవీధిలో ఎవరికీ అన్నం సయించడం లేదు. ఎందుకంటారా? రాజు భానుకేతు రెండేళ్ళ కిందట పెద్ద ఓడ కట్టించాడు. పెద్ద ఓడకు మందపాటి చాప కావాలి. అంత మందపు గుడ్డను నాలుగు మడతలు వేసి కుట్టాలంటే, ఊళ్ళో ఉన్న సూదులు చాలడం లేదు. లావు సూదితో కుడితే చిల్లులు పెద్దవయ్యేవి. గాలి పట్టగానే చిల్లి నుంచి చిల్లికి చీలిక పాకేది. సన్న సూదితో కుడదామంటే, రెండో మడతలోనే పుటుక్కున విరిగేది. వరసగా రెండేళ్ళు నడిసముద్రంలో చాప విడిపోయింది. రెండుసార్లూ ఓడ ఎలాగో తెడ్లు వేసుకుని బయటపడింది.

రాజు చాపలవీధి వాళ్ళను పిలిపించాడు.

"మీ మీద నాకు కోపం లేదు. కానీ ఆ ఓడలో ఎనభై ప్రాణాలున్నాయి. ఈసారికి అతుకులు వేసిన పాత చాపతోనే ఒడ్డు వెంట నిదానంగా పంపుతాను. వచ్చే కార్తీకానికి కొత్త చాప కుట్టండి. దాని కుట్టు కూడా విడిపోతే, ఇక ఆ పని దక్షిణాన ఉన్న రేవుకు ఇచ్చేస్తాను."

పని పోతే వీధి ఉండదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఆ ఏడు చాపలవీధి తరఫున వంతు పైడమ్మకు వచ్చింది. పైడమ్మ తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. ఇంట్లో అత్త నరసమ్మ ఉండేది. ఒకప్పుడు నరసమ్మ కుట్టిన చాప అంటే ఓడలు నడిపే సరంగులు కళ్ళకద్దుకునేవారు. కానీ లావు సూదిని నెట్టీ నెట్టీ ఆమె అరచెయ్యి కాయలు కాసి వాచిపోయింది. రెండేళ్ళుగా సూది పట్టుకోలేదు. అరుగు మీద కూర్చుని పక్కవాళ్ళ కుట్లకు వంకలు పెట్టడమే ఆమె పని.

ప్రయాణం రోజు పొద్దున్నే నరసమ్మ కోడల్ని పిలిచింది.

"ఏటే పైడీ, దేశంగాని దేశం పోతన్నావు. నాకేటి తెస్తావు?"

"నీకేం కావాలో చెప్పత్తా."

నరసమ్మ కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "మెరిసేది ఏదైనా తేవే. ఈ మొద్దు చేతుల్లో ఒక్కసారి మెరిసేది పట్టుకుని చూడాలనుంది."

"సరే అత్తా" అంది పైడమ్మ. అని, లోపలికి వెళ్ళి, పెద్ద ఓడ చాపగుడ్డ మిగులులోంచి ఒక జానెడు ముక్క కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది.

ఓడ ఎక్కేటప్పుడు కోట కాపలాదారుల నాయకుడు కొండలనాయుడు అది చూశాడు. కోట తరఫున వంతు ఆయనదే. మీసం దువ్వుకుంటూ నవ్వాడు.

"ఏమమ్మా, అక్కడ గుడ్డ దొరకదనా మూట కట్టుకొస్తున్నావు?"

"గుడ్డ దొరుకుద్ది బాబూ. మన గుడ్డ దొరకదు" అంది పైడమ్మ.

అంగడివీధి నుంచి వచ్చినవాడు నరసింగశెట్టి. మంచివాడే. కాకపోతే చవక అన్న మాట చెవిన పడితే చాలు, మరి నిలవలేడు. ఆ ఓడ నడిపే సరంగు దానయ్యకు ముప్పై ఏళ్ళుగా సముద్రమే ఇల్లు. నాలుగు దేశాల భాషలు మాట్లాడగలడు. ఈ ముగ్గురికీ దుబాసీ కూడా ఆయనే.

నెలన్నర ఒడ్డు వెంటే ప్రయాణం చేసి, చివర ఒక ఇరుకు జలసంధి దాటి ఓడ మణిదీవి చేరింది. అక్కడి పెద్ద సంత సముద్రం పక్కన లేదు. ఏటికి ఎదురు రెండు రోజులు పడవలో పోతే, కొండ మీద ఒక నగరం ఉంది. అక్కడ ఉక్క లేదు, తేమ లేదు, ఉప్పు లేదు. గాలి పొడిగా, తేలికగా ఉంటుంది. ఆ ఎండలో ప్రతి వస్తువూ నిన్ననే చేసినట్టు నిగనిగలాడుతుంది.

సంతలో అడుగు పెట్టగానే కొండలనాయుడు ఆగిపోయాడు. ఒక అంగట్లో ఇత్తడి మరచిలక ఉంది. కీలు తిప్పితే రెక్కలాడిస్తుంది, తల ఊపుతుంది, మూడు పాటలు పాడుతుంది.

"ఆహా! కోటగుమ్మం మీద ఇది కూర్చుంటే, చుట్టుపక్కల పదూళ్ళ వాళ్ళు మన గుమ్మం ముందే ఉంటారు" అన్నాడు నాయుడు.

దానయ్య గొంతు సవరించుకున్నాడు. "నాయుడుగారూ, దీని పొట్ట మూసేసి ఉంది. రేపు ఇది మూగబోతే మన ఊళ్ళో విప్పేవాడెవరు?"

"కొనక ముందే అపశకునం పలుకుతావేమయ్యా సరంగూ! ఇంత చక్కగా పాడుతుంటే మూగబోతుందంటావేం?"

సంచి మొత్తం ఇచ్చేసి నాయుడు చిలకను కొన్నాడు.

నాలుగడుగులు వేశారో లేదో, నరసింగశెట్టి చెయ్యెత్తి కేకేశాడు. "ఆగండాగండి!" ఆ అంగట్లో రంగురంగుల కాగితపు గొడుగులు. ఎర్రవి, పసుపువి, నెమలికంఠం రంగువి. ఒకటి కొంటే రెండు ఊరికే ఇస్తారట.

"శెట్టిగారూ, ఇక్కడివాళ్ళు వీటిని దేనికి వాడతారో అడిగి చెప్పమంటారా?" అన్నాడు దానయ్య.

"గొడుగును దేనికి వాడతారయ్యా? నెత్తి మీద పెట్టుకోవడానికి! నువ్వు అడగాల్సింది ఇంకో గొడుగు ఊరికే ఇస్తాడేమో అని."

శెట్టి గంప నిండిపోయింది. గంప పట్టక భుజాల మీద కూడా గొడుగులే.

ఇక పైడమ్మ. ఆమె దానయ్యను ఒకే మాట అడిగింది. "అన్నా, సూదులు అమ్మే వీధి ఎక్కడ?"

మొదటి అంగడి పట్టుతెరల మధ్య ఉంది. సూదుల కన్నులకు బంగారుపూత. అమ్మేవాడు ఒక సూదితో పట్టుగుడ్డ మీద కుట్టి చూపించాడు. సూది నీళ్ళలో చేపపిల్లలా పోయింది. "అబ్బ!" అన్నాడు నాయుడు. పైడమ్మ నడుము నుంచి తన గుడ్డ తీసింది. "ఇందులో గుచ్చి చూపించమను అన్నా." సూది రెండు మడతలు దాటి, విల్లులా వంగి, అక్కడే ఉండిపోయింది. అమ్మేవాడి మొహం కూడా అలాగే ఉండిపోయింది.

రెండో అంగడిలో లావు సూదులు. తళతళా వెండిలా ఉన్నాయి. పైడమ్మ మళ్ళీ గుడ్డ తీసింది. మూడు మడతల దాకా బాగానే వెళ్ళింది. నాలుగో మడతలో పుటుక్కుమంది. అది పైడమ్మ ఇంటి దగ్గర రోజూ వినే చప్పుడే.

"పోనీలేమ్మా, అన్నిచోట్లా సూదులు ఇంతే. గొడుగులు కొనుక్కో, నేను బేరమాడి పెడతాను" అన్నాడు శెట్టి.

"ఇంకొక్క అంగడి చూస్తాను బాబూ."

మూడో అంగడి వీధి చివర ఉంది. దాన్ని అంగడి అనడానికి కూడా లేదు. ఒక ముసలి కమ్మరి, ఒక కొలిమి, ఒక వెదురుగొట్టం. గొట్టంలో నూనె జిడ్డుతో నల్లని సూదులు. చూడ్డానికి కాలిన పుల్లల్లా ఉన్నాయి. పైడమ్మ ఒక సూది తీసి మొనను వేలితో తడిమింది. మొన గుండ్రంగా లేదు, మూడు పలకలుగా ఉంది. గుడ్డ మీద ఆనించి నెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సూది అవతలికి వచ్చింది. చిల్లి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

ముసలి కమ్మరి ఆ గుడ్డను అందుకుని వాసన చూశాడు. ఏదో అన్నాడు.

"ఇది సముద్రం పక్క ఊరి గుడ్డ, ఉప్పు వాసనేస్తోంది అంటున్నాడు" అని చెప్పాడు దానయ్య. "ఈ సూది ఉప్పుగాలికి తుప్పు పడుతుందట."

పైడమ్మ దానయ్య వైపు తిరిగింది. "మరి?"

కమ్మరి నూనెలో ముంచిన ఉన్ని తీసి, సూదిని మొదలు నుంచి మొన దాకా మూడుసార్లు తుడిచి చూపించాడు. రోజూ పొద్దున ఇంతే పని. మొన మొద్దుబారితే నూరుకోవడానికి అరచేతిలో పట్టేంత రాయి కూడా ఇచ్చాడు. చివర ఒక మాట చెప్పి బోసినోటితో నవ్వాడు.

"దీని మెరుపు నీ చేతిలో ఉంది అంటున్నాడమ్మా" అన్నాడు దానయ్య.

సంచిలో ఉన్న వరహాలకు సరిగ్గా నలభై సూదులు వస్తాయి. పైడమ్మ సంచి విప్పబోయి ఆగింది. ఎదురంగట్లో ఒక ముక్కెర ఉంది. పచ్చరాయి. ఎండ పడ్డప్పుడల్లా చుక్కలా వెలుగుతోంది. అత్త మాట గుర్తొచ్చింది. పది సూదులు మానుకుంటే ముక్కెర వస్తుంది.

పిల్లలూ, మీరైతే ఏం చేసేవారు? పైడమ్మ ఏం చేసిందంటే, కళ్ళు మూసుకుని తన వీధిలో నడిచింది. మొదటి అరుగు, రెండో అరుగు, మూడో అరుగు... ఏ పది అరుగులను దాటిపోవాలో ఆమెకు తెలియలేదు. కళ్ళు తెరిచి, సంచి మొత్తం కమ్మరి చేతిలో పెట్టింది.

వైశాఖంలో ఓడ మొగలిరేవు చేరింది. ఊరు ఊరంతా ఒడ్డుకు వచ్చింది. పందిరి కింద గంపలు విప్పారు.

మరచిలక రెక్కలు ఆడించి పాడగానే జనం ఈలలు వేశారు. గొడుగులు విచ్చుకోగానే "ఓలమ్మో, ఎన్ని రంగులో!" అన్నారు. పైడమ్మ గంపలోకి తొంగిచూసి అందరూ గొల్లున నవ్వారు.

"ఇంత గంపలో ఇంతే గొట్టమా?" అన్నారొకరు.

"గంప బరువుకే అలిసిపోయిందేమోలే!" అన్నారు ఇంకొకరు.

నరసమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. గొట్టంలోకి చూసింది. ఒక సూది తీసి పట్టుకుంది. వేళ్ళకు నల్లని జిడ్డు అంటింది.

"మెరిసేది తెమ్మన్నాను గదే" అంది చిన్నగా.

ఆ మాటకు పైడమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ తల దించుకోలేదు. "మూడు వారాలు ఓర్చుకో అత్తా" అంది.

ఉప్పుగాలి తన పని మొదలుపెట్టింది.

మొదటి వారం చిలక బాగా పాడింది. నాయుడు గంటకోసారి కీలు తిప్పేవాడు. వారం చివర మూడు పాటల్లో ఒకటి రావడం మానేసింది. ఇత్తడి మీద పచ్చని చిలుము పట్టింది. "అదీ అందమేలే, చిలక పచ్చగానే ఉండాలిగా" అన్నాడు నాయుడు. పైపైన తుడిచాడు. లోపల ఏముందో ఆయనకేం తెలుసు?

రెండో వారంలో ఈదురుగాలితో వాన వచ్చింది. శెట్టికి ఉత్సాహం వచ్చింది. "ఇప్పుడు చూడండి నా సరుకు!" అని నెమలికంఠం రంగు గొడుగు విప్పి, వానలోకి దర్జాగా నడిచాడు. పది అడుగులు వేసేసరికి కాగితం మెత్తబడి ఆయన తలకు అతుక్కుంది. రంగు కారి, తెల్లని పంచె నీలంగా మారింది.

దానయ్య దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "అవి ఎండగొడుగులు శెట్టిగారూ. ఆ కొండనగరంలో వాన ఏడాదికోసారి పడుతుంది. ఆ రోజు వాళ్ళు ఇల్లు కదలరు."

"నువ్వప్పుడే చెప్పొద్దటయ్యా?"

"అడిగి చెప్పమంటారా అని అడిగాను గదండీ!"

పైడమ్మ మాత్రం రోజూ పొద్దున్నే పందిరి దగ్గరికి వచ్చేది. నలభై సూదులూ తీసి, ఒక్కొక్కదాన్ని నూనె ఉన్నితో మూడుసార్లు తుడిచి, మళ్ళీ గాలికి పరిచేది. వారం గడిచేసరికి, నవ్వినవాళ్ళలో ఇద్దరు వచ్చి పక్కన కూర్చుని చూడసాగారు.

మూడు వారాలు నిండాయి. రాజు భానుకేతు వచ్చాడు. నాయుడు కీలు తిప్పాడు. చిలక ఒక రెక్క ఎత్తింది. కిర్రుమని తలుపు చప్పుడు లాంటి కూత కూసి, ఆ రెక్క అలాగే ఎత్తి ఉండిపోయింది. ఎంత తిప్పినా దించలేదు. పందిరిలోకి కొట్టిన జల్లుకు కాగితమంతా పోయి, శెట్టి గంపలో వెదురుపుల్లలు మాత్రమే మిగిలాయి.

రాజు పైడమ్మ వైపు తిరిగాడు. "నీ సంగతేమిటమ్మా?"

పైడమ్మ పెద్ద ఓడ చాపగుడ్డను నాలుగు మడతలు వేసింది. ఒక సూదికి దారం ఎక్కించింది. తాను కుట్టకుండా, అత్త ముందు పెట్టింది.

నరసమ్మ ఉలిక్కిపడింది. "నాకెందుకే? నా చెయ్యి నెట్టలేదని నీకు తెలీదా? పదిమందిలో నా పరువు తీస్తావా?"

"నెట్టొద్దత్తా. ఊరికే ఆనించు."

నరసమ్మ గొణుక్కుంటూనే సూది అందుకుంది. గుడ్డకు ఆనించింది. సూది దానంతటదే పోయినట్టు అవతలికి పోయింది. ఆమె నమ్మలేనట్టు గుడ్డను తిప్పి చూసింది. ఇంకో కుట్టు వేసింది. ఇంకొకటి. పది కుట్లు వేశాక చుట్టూ ఎవరున్నారో మరిచిపోయింది. పక్కన నిల్చున్న రాజును, "కొంచెం వెలుతురుకి అడ్డు తప్పుకో నాయనా" అంది.

రాజు తప్పుకున్నాడు. తప్పుకుని, నవ్వి, "దండ అప్పుడే వద్దు. సముద్రం కూడా చూడనీ" అన్నాడు.

ఆ వేసవి, ఆ వానాకాలం చాపలవీధిలో నలభై అరుగుల మీదా నలభై సూదులు ఆడాయి. పొద్దున్నే నూనె ఉన్ని, మొన మొద్దుబారితే రాయి. కార్తీకానికి కొత్త చాప సిద్ధమైంది. ఓడ వెళ్ళింది.

వెళ్ళిన ఓడ తిరిగొచ్చేదాకా వీధి ఎలా ఎదురుచూసిందో నేను చెప్పక్కర్లేదు. వైశాఖంలో ఒక రోజు రేవులో కొమ్ము ఊదారు. ఓడ కనిపించింది. చాప చిరిగి ఉంది.

పైడమ్మ నీళ్ళ అంచు దాకా పరుగెత్తింది. సరంగు దానయ్య దిగి, రాజుకు దండం పెట్టాడు.

"ప్రభూ, మూడు రోజుల తుపాను. నా ముప్పై ఏళ్ళలో అలాంటి గాలి చూడలేదు. చాప చిరిగింది."

"ఎక్కడ?" అన్నాడు రాజు.

"గుడ్డ మధ్యలో ఒక్కచోట. కుట్టు దాకా వచ్చి చీలిక ఆగిపోయింది. కుట్టే మమ్మల్ని ఇంటికి తెచ్చింది ప్రభూ. ఎనభై మందీ వచ్చాం."

రాజు ఓడెక్కి చూశాడు. నిజమే. చీలిక నరసమ్మ కుట్టిన వరస దగ్గరికి వచ్చి, గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోయి ఉంది. రాజు కిందికి దిగి, దండను గంపకు వేయలేదు, పైడమ్మ మెడలో వేశాడు. "ఈ రేవు ఉన్నంతకాలం, ఈ ఓడల చాపలు ఈ వీధిలోనే కుడతారు" అన్నాడు.

అప్పుడు నరసమ్మ చెంగు ముడి విప్పి తన సూది బయటికి తీసింది. ఏడాదిగా గుడ్డలో ఈదీ ఈదీ దాని నలుపంతా పోయింది. ఎండ పడగానే చుక్కలా వెలిగింది.

"మెరిసేదే తెచ్చావు గదే పైడీ" అంది. "నేనే ముందు చూసుకోలేదు."

ఆ తరువాత కార్తీకంలో ప్రయాణం వంతు వచ్చిన ముగ్గురూ చాపలవీధికి వచ్చారు. వాళ్ళ వెనకే కొండలనాయుడు, నరసింగశెట్టి కూడా వచ్చి నిలబడ్డారు. "అమ్మా, వీళ్ళకి కూడా ఆ గుడ్డ కాస్త కత్తిరించి ఇవ్వు. మేం పడ్డ నగుబాటు వీళ్ళు పడకూడదు" అన్నాడు నాయుడు. పైడమ్మ మూడు జానెడు ముక్కలు కత్తిరించి ముగ్గురికీ ఇచ్చింది. అప్పటి నుంచీ మొగలిరేవులో ఎవరు ఓడెక్కినా, వాళ్ళ నడుముకు సొంత ఊరి గుడ్డముక్క ఒకటి ఉండేది.

కాబట్టి పిల్లలూ, దూరదేశం నుంచి ఏదైనా తెచ్చేటప్పుడు అంగడిలో ఎంత మెరుస్తోందో చూసి మురిసిపోకండి. మన ఇంటి పనికి ఒదిగేది, మన ఊరి గాలికి నిలిచేది, మన చేతులతో కాపాడుకోగలిగేదే తెచ్చుకోదగిన కానుక.